మాస్టరింగ్‌కు స్టీరియో మిక్సా, స్టెమ్సా: ఏది మేలు?

మిక్సు (ట్రాకులన్నిటినీ కలిపి పాటగా కూర్చడం) ముగించినవారు మాస్టరింగ్‌కు (విడుదలకు ముందు పాటకు పెట్టే చివరి మెరుగుకు) పంపే ముందు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. ఒక్క స్టీరియో ఫైలు పంపితే సరిపోతుందా, లేక డ్రమ్స్, బేస్, వాయిద్యాలు, గొంతు వేరువేరుగా స్టెమ్స్ చేసి పంపాలా? ఈ మధ్య ఆరు పాటల ఆల్బమ్ ఒకటి మిక్సు చేసినప్పుడు నేనూ ఈ ప్రశ్న దగ్గర రెండు రోజులు ఆగిపోయాను. చివరికి ఐదు పాటలు స్టీరియోగా, ఒకటి స్టెమ్స్‌గా పంపాను. ఆ లెక్క అలా ఎందుకు తేలిందో వివరంగా చెబితే, అడుగుతున్నవారికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

స్టెమ్స్ అంటే ట్రాకులన్నీ అనుకునేవారు ఇంకా ఉన్నారు కాబట్టి ఒక్క మాట. నలభై ట్రాకుల ప్రాజెక్టును నాలుగైదు స్టీరియో గుంపులుగా కుదించి, ఎఫెక్టులతో, ఫేడర్ (శబ్దం పెంచి తగ్గించే మీట) స్థాయులతో సహా బౌన్స్ చేస్తే, అంటే ఆడియో ఫైళ్లుగా తీస్తే, అవి స్టెమ్స్. వాటన్నిటినీ ఒకేసారి మొదలుపెట్టి, ఏ ఫేడరూ కదపకుండా మోగిస్తే మీ మిక్సే మీకు వినిపించాలి. నేను చెప్పబోయేదంతా ఈ షరతు చుట్టూనే తిరుగుతుంది.

స్టెమ్స్ వైపు మనసు ఎందుకు లాగుతుందో నాకు బాగా తెలుసు. స్టీరియో ఫైలులో అన్నీ కలిసిపోయి ఉంటాయి. గొంతు ఇంకాస్త స్పష్టంగా రావాలని మాస్టరింగ్ ఇంజనీరు 3 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక డెసిబెల్ పెంచితే స్నేర్ డ్రమ్, గిటార్ కూడా ముందుకు వస్తాయి. సకారాలు చెవికి గుచ్చుకుంటున్నాయని డీఎసర్ పెడితే సింబల్స్ మెరుపు కూడా కొంత పోతుంది. 60 హెర్ట్జ్ దగ్గర తగ్గిస్తే కిక్ డ్రమ్, బేస్ రెండూ సన్నబడతాయి. మధ్య భాగాన్నీ పక్కలనూ విడదీసి పనిచేసే పద్ధతి ఉంది గానీ, గొంతు, కిక్, స్నేర్, బేస్ సాధారణంగా మధ్యలోనే ఉంటాయి కాబట్టి దానితో అసలు చిక్కు విడిపోదు. స్టెమ్స్ చేతిలో ఉంటే ఈ పనులన్నీ పక్కదానికి తగలకుండా జరిగిపోతాయి. ఈ లాభం నిజమైనది, దాన్ని తక్కువ చేసి చెప్పను.

అయినా నా దృష్టిలో ఈ ప్రశ్నను తేల్చేది మరొకటి ఉంది: మీ మిక్స్ బస్ (ట్రాకులన్నీ కలిసి చివరగా దాటి వెళ్లే దారి) మీద ఏమున్నాయి?

ఈక్వలైజర్ (ఈక్యూ, ఎంచుకున్న హెర్ట్జ్ దగ్గర ధ్వనిని పెంచి తగ్గించేది) ఒక్కటే ఉంటే చింత లేదు. అన్నీ కలిపి ఈక్యూ చేసినా, విడివిడిగా అదే ఈక్యూ చేసి తర్వాత కలిపినా ఫలితం మారదు. కంప్రెసర్ సంగతి వేరు. తనకు ఎంత శబ్దం అందిందో చూసుకుని దాన్నిబట్టి తగ్గిస్తుంది. పల్లవిలో కిక్ పడిన ప్రతిసారీ బస్ కంప్రెసర్ రెండు డెసిబెల్స్ తగ్గిస్తోందనుకోండి. ఆ క్షణంలో కిక్‌తో పాటు గొంతూ, ప్యాడ్సూ, గిటారూ అన్నీ రెండు డెసిబెల్స్ వెనక్కి వెళ్లి మళ్లీ పైకి వస్తాయి. వాయిద్యాలన్నీ ఒకే ఊపిరితో కదులుతున్నట్టు అనిపించేది ఆ కదలిక వల్లే. ఇప్పుడు గొంతు స్టెమ్‌ను ఒంటరిగా బౌన్స్ చేయండి. కిక్ లేదు. కంప్రెసర్‌కు అందేది గొంతు ఒక్కటే, అది థ్రెషోల్డ్ (కంప్రెసర్ తగ్గించడం మొదలుపెట్టే స్థాయి) దాటనే దాటకపోవచ్చు. ఇన్ని రోజులు విని, సరే అనుకున్న గొంతు ఆ ఫైలులో ఉండదు.

శాచురేషన్, టేప్ ప్లగిన్ల (ధ్వని ఆకారాన్ని కాస్త మార్చి రంగు పూసే సాఫ్ట్‌వేర్ల) విషయం ఇంకా కష్టం. 100 హెర్ట్జ్ బేస్, 1000 హెర్ట్జ్ స్వరం కలిసి అలాంటి ప్లగిన్‌లోకి వెళ్తే 900, 1100 హెర్ట్జ్ లాంటి చోట్ల ఏ వాయిద్యమూ వాయించని ధ్వనులు కొత్తగా పుడతాయి. మిక్సుకు చిక్కదనం ఇచ్చేవాటిలో అవీ ఉన్నాయి. బేస్ ఒక ఫైలులో, స్వరం మరో ఫైలులో విడిగా ఆ ప్లగిన్ దాటి వస్తే అవి పుట్టవు. తర్వాత రెండిటినీ కలిపినా రావు.

దీనికి మూడు దారులు చెబుతారు. బస్ మీద ఉన్నవన్నీ తీసేసి స్టెమ్స్ ఇవ్వడం మొదటిది. మిక్సు అంతా అయ్యాక చివర్లో ఒక కంప్రెసర్ తగిలించినవారికి ఇది సరిపోతుంది. కానీ మొదటి రోజు నుంచే బస్ కంప్రెసర్ ఆన్‌లో పెట్టుకుని, దాని ప్రభావం వింటూ ఒక్కో ఫేడరూ సర్దినవారు దాన్ని తీసేస్తే బ్యాలెన్స్ చెదిరిపోతుంది. బస్ మీద ఉన్నవాటిని అలాగే ఉంచి ఒక్కో గుంపునూ సోలో చేసి బౌన్స్ చేయడం రెండోది. నాకు వచ్చే ప్రాజెక్టుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే, పైన చెప్పిన కారణంతో ఇది తప్పు కూడా. మూడోదానికి ఓపిక కావాలి. బస్ కంప్రెసర్ లేకుండా మొత్తం మిక్సును ముందు ఒకసారి బౌన్స్ చేసుకుని, ఆ ఫైలును కంప్రెసర్ సైడ్‌చెయిన్‌కు (ఎంత తగ్గించాలో చూసుకునేందుకు అది వినే దారికి) మాత్రమే అందించి, కంప్రెసర్ గుండా ఒక్కో స్టెమ్‌నూ పంపాలి. అప్పుడు గొంతు ఒంటరిగా వెళ్తున్నా కంప్రెసర్ మాత్రం మొత్తం పాటను వింటూ తగ్గిస్తుంది. ధ్వనికి తన రంగు పూయని కంప్రెసర్లతో ఇది చక్కగా పనిచేస్తుంది. శాచురేషన్‌కు మాత్రం ఈ ఉపాయం పనికిరాదు.

అందుకే స్టెమ్స్ పంపుతానన్నవారిని నేను ముందుగా అడిగేది, నల్ టెస్ట్ చేశారా అని. కొత్త ప్రాజెక్టు తెరిచి, స్టెమ్స్ అన్నిటినీ మొదటి క్షణం దగ్గర పెట్టి, పక్కనే అసలు స్టీరియో మిక్సును పెట్టి దాని పోలారిటీ తిప్పండి, అంటే తరంగాన్ని తలకిందులు చేయండి. రెండూ ఒకటే అయితే ఒకదాన్నొకటి రద్దు చేసుకుని నిశ్శబ్దం మిగలాలి. ఏదైనా వినిపిస్తే అదే మీ స్టెమ్స్‌కూ మిక్సుకూ మధ్య ఉన్న తేడా. ఆ ఆల్బమ్‌లో రెండో పాటకు ఈ పరీక్ష చేసినప్పుడు చరణాల్లో దాదాపు ఏమీ మిగలలేదు. పల్లవి వచ్చేసరికి గొంతు, స్నేర్ స్పష్టంగా బయటపడ్డాయి. పాట నిండుగా మోగవలసిన చోటే నా స్టెమ్స్ మరో మిక్సును వినిపిస్తున్నాయన్నమాట. ఆ పాటను స్టీరియోగా పంపాలని అక్కడే తేల్చుకున్నాను.

నిశ్శబ్దం రాకపోతే ప్రతిసారీ తప్పు బస్‌దే కానక్కరలేదు. కోరస్, ఫేజర్ లాంటి ఎఫెక్టుల ఊపు పాట టెంపోకు కట్టుబడకుండా స్వేచ్ఛగా తిరుగుతుంటే ఒక్కో బౌన్స్‌లో ఒక్కో చోట మొదలవుతుంది. దెబ్బ దెబ్బకూ శాంపిల్ మార్చి వాయించే డ్రమ్ ప్లగిన్లూ అంతే. వీటిని ముందే ఆడియోగా మార్చుకుంటే ఆ తేడా పోతుంది. కిక్ పడినప్పుడు బేస్ తగ్గేలా సైడ్‌చెయిన్ పెట్టి ఉంటే మరో ప్రమాదం ఉంది. బేస్‌ను సోలో చేయగానే కిక్ సంకేతం ఆగిపోయి, బేస్ ఎక్కడా తగ్గకుండా ఫైలులోకి వచ్చేయవచ్చు. సరిగ్గా వచ్చిన బేస్ స్టెమ్‌ను ఒంటరిగా విన్నప్పుడు, వినిపించని కిక్ కోసం అది కుంగి లేస్తున్నట్టు ఉండాలి. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు నార్మలైజ్ గుర్తు ఆన్‌లో ఉండిపోతే ఇంకా ఘోరం. ప్రతి ఫైలూ గరిష్ఠ స్థాయికి ఎక్కి, వెనక నుంచి లీలగా వినిపించవలసిన ఎఫెక్టుల స్టెమ్ గొంతుతో పోటీకి దిగుతుంది. మోనో వాయిద్యమైనా స్టెమ్‌ను స్టీరియోగానే ఇవ్వండి. మధ్యలో ఉన్న మోనో ట్రాకును ఒక సాఫ్ట్‌వేర్ మూడు డెసిబెల్స్ తగ్గిస్తే మరొకటి అసలు తగ్గించకపోవచ్చు. ఫైళ్లన్నీ ఒకే క్షణంలో మొదలై, చివరి రివెర్బ్ పూర్తిగా అణిగేదాకా ఒకే నిడివితో ఉండాలని వేరే చెప్పనక్కరలేదు.

ఈ సాంకేతిక చిక్కులన్నీ దాటినా నాకు ఇంకో అభ్యంతరం మిగులుతుంది. స్టెమ్స్ పంపుతున్నవారిని ఎందుకని అడిగితే, చాలాసార్లు వచ్చే జవాబు, గొంతు స్థాయి సరిపోయిందో లేదో తెలియడం లేదు, వాళ్లు సరిచేస్తారని. అది మాస్టరింగ్‌కు వదిలేయవలసిన నిర్ణయం కాదు. గొంతు ఎక్కడ ఉండాలో తేలకపోతే మిక్సు ఇంకా పూర్తి కానట్టే. ఒక రోజు చెవులకు విశ్రాంతి ఇచ్చి, చిన్న స్పీకర్ మీద తక్కువ శబ్దంతో విని, అర డెసిబెల్ అటో ఇటో కదిపి తేల్చుకోవడం మన పని. మాస్టరింగ్ ఇంజనీరు మనకు ఇచ్చే అసలు విలువ, ఆ పాటను మొదటిసారి, మొత్తంగా, నిష్పక్షపాతంగా వినే చెవి. ఐదు ఫేడర్లు ముందు పెడితే ఆ చెవి కూడా ముక్కలను వినడం మొదలుపెడుతుంది. అప్పుడు జరిగేది రెండో మిక్సు. అదే కావాలనుకుంటే ఆ మాట చెప్పి, మిక్సుగానే చేయించుకోవడం నయం.

స్టీరియో వినైల్ రికార్డుల కాలంలో మాస్టరింగ్ గదికి సాధారణంగా చేరేది రెండు ట్రాకుల టేపు. బేస్ పక్కలకు విస్తరించి ఉంటే గాడి కోయడం కష్టమయ్యేది. ఆ కష్టాన్నీ మొత్తం పాట మీద పనిచేసే తీర్చేవారు, మరీ తీరకపోతే మిక్సు మార్చమని తిప్పి పంపేవారు. అలా తిప్పి పంపడం ఈ రోజు ఎంతో తేలిక. ప్రాజెక్టు తెరిస్తే ప్రతి ఫేడరూ పెట్టిన చోటే ఉంటుంది, పది నిమిషాల్లో కొత్త బౌన్స్ సిద్ధం. స్టెమ్స్ అవసరాన్ని నిజంగా తగ్గించింది ఈ సౌలభ్యమే అని నా నమ్మకం.

మరి ఆరో పాటను స్టెమ్స్‌గా ఎందుకు పంపాను? నేను మిక్సు చేసే గదిలో నేను కూర్చునే చోట 80 హెర్ట్జ్ దగ్గర పెద్ద లోయ ఉంది, అంటే అక్కడి ధ్వని ఉన్నదానికంటే బాగా తక్కువగా వినిపిస్తుంది. మైకు పెట్టి కొలిచి చూసుకున్నాను కాబట్టి ఇది ఊహ కాదు. మిగతా పాటల్లో కిక్ ఒక చోట, బేస్ మరో చోట బలంగా ఉండడంతో హెడ్‌ఫోన్స్ సాయంతో నెట్టుకొచ్చాను. ఆ పాటలో మాత్రం రెండూ సరిగ్గా ఆ లోయలోనే ఉన్నాయి. ఎన్నిసార్లు విన్నా ఏది ఎంత ఉందో నాకు నమ్మకం కుదరలేదు. ఇది నిర్ణయం తీసుకోలేకపోవడం కాదు, వినలేకపోవడం. వినగలిగే గది ఉన్నవారి చేతికి కిక్‌నూ బేస్‌నూ విడిగా ఇవ్వడమే న్యాయం. పైగా ఆ పాట బస్ మీద ఒక ఈక్యూ తప్ప ఏమీ లేదు, నల్ టెస్ట్‌లో పూర్తి నిశ్శబ్దం వచ్చింది. కిక్, మిగతా డ్రమ్స్, బేస్, వాయిద్యాలు, గొంతులు అని ఐదు స్టెమ్స్ చేశాను. అంతకు మించితే మిక్సు బాధ్యతను మరొకరి నెత్తిన పెట్టినట్టే. ఇలాగే అసలు ప్రాజెక్టు మళ్లీ తెరవలేని పరిస్థితి ఉన్నా, పాటను సినిమా ధ్వనిలోనో వేదిక మీదనో గొంతు లేకుండా వాడవలసి ఉన్నా, స్టెమ్స్ తీసి దాచుకోవడం మంచిదే.

మధ్యే మార్గాలు కొన్ని ఉన్నాయి. గొంతు ఒక ఫైలు, మిగతాదంతా ఒక ఫైలు పంపడం ఒకటి. బస్ కంప్రెసర్ సమస్య దీనికీ ఉంది. గొంతును అర డెసిబెల్ పెంచిన మిక్సు, తగ్గించిన మిక్సు అదనంగా పంపడం మరొకటి. ఇది నాకు ఇష్టమే, ఎందుకంటే మూడు మిక్సులూ బస్ గుండా పూర్తిగా వెళ్లినవే. స్టీరియో ఫైలు నుంచి గొంతునూ డ్రమ్స్‌నూ వేరుచేసే సాఫ్ట్‌వేర్ గురించి కూడా అడుగుతున్నారు. వేరుచేసినప్పుడు మిగిలిపోయే మరకలు మాస్టరింగ్ తర్వాత మరింత పైకి తేలతాయి. ప్రాజెక్టు చేతిలో ఉన్నవారికి దాని అవసరమే లేదు.

స్థాయుల గురించి క్లుప్తంగా. శిఖరాలు కచ్చితంగా మైనస్ 6 డెసిబెల్స్ దగ్గరే ఉండాలన్నది నియమం కాదు. 24 బిట్ ఫైలుకు సిద్ధాంతపరంగా దాదాపు 144 డెసిబెల్స్ పరిధి ఉంది, మైనస్ 3 అయినా మైనస్ 10 అయినా తేడా రాదు. క్లిప్ కాకుండా (గరిష్ఠ స్థాయి దాటి ధ్వని చెడకుండా) ఉంటే చాలు. శబ్దం పెంచడానికి పెట్టిన లిమిటర్ తీసేయండి, కానీ దానితో విన్న మిక్సును కూడా నమూనాగా విడిగా జతచేయండి. శాంపిల్ రేటు ప్రాజెక్టులో ఏది ఉంటే అదే ఉంచండి, 48ని 96 చేసి పంపితే ఒరిగేదేమీ లేదు.

ఆరో పాటలో మాస్టరింగ్ ఇంజనీరు బేస్ స్టెమ్‌ను ఒకటిన్నర డెసిబెల్ తగ్గించి, కిక్‌కు చిన్న ఈక్యూ చేసి, మిగతా మూడిటినీ తాకకుండా వదిలేశారు. స్టీరియోగా పంపిన ఐదింటిలో నాలుగో పాట మాత్రం వెనక్కి వచ్చింది, రెండో చరణంలో గొంతు ముందుకు తోసుకొస్తోందని. ప్రాజెక్టు తెరిచి ఆ చరణంలో ఒక్క డెసిబెల్ తగ్గించి, అదే బస్ గుండా మళ్లీ బౌన్స్ చేసి ఆ సాయంత్రమే పంపాను.