సివిల్ అయ్యాక పెద్ద కంపెనీ ట్రైనీనా, చిన్న బిల్డర్ సైటా?

బీటెక్ సివిల్ పూర్తిచేసి ఇళ్ల నిర్మాణంలోకి రావాలనుకునేవాళ్లకు ముఖ్యంగా రెండు దారులు. ఒకటి, ఎల్ అండ్ టీ లాంటి పెద్ద కంపెనీలో గ్రాడ్యుయేట్ ఇంజనీర్ ట్రైనీ, అంటే జీఈటీ. రెండోది, ఊళ్లో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లు కట్టే బిల్డర్ దగ్గర సైట్ ఇంజనీర్.

జీఈటీకి నెల తిరిగేసరికి జీతం పడుతుంది, పీఎఫ్ ఉంటుంది. సేఫ్టీ, క్వాలిటీ, ప్లానింగ్ పద్ధతిగా నేర్పుతారు. కాకపోతే పోస్టింగ్ ఎక్కడ వేస్తే అక్కడికి వెళ్లాలి. ఇళ్ల ప్రాజెక్టే దొరుకుతుందన్న హామీ లేదు, మెట్రోకో డ్యామ్‌కో పంపొచ్చు.

చిన్న సైట్లో పునాది నుంచి పెయింటింగ్ దాకా అన్నీ కళ్లముందే జరుగుతాయి. మేస్త్రీతో పని చేయించడం, బార్ బెండింగ్ షెడ్యూల్ (ఏ కమ్మీని ఎంత పొడవు కోసి, ఎలా వంచాలో చెప్పే పట్టిక) వేయడం, ఇసుక లోడు కొలవడం త్వరగా వస్తాయి. అయితే తప్పు చేస్తే ఆపే సీనియర్ ఉన్నాడా అన్నదే అసలు ప్రశ్న. చేరే ముందు ఒకసారి సైటుకు వెళ్లండి. స్లాబు కమ్మీల కింద కవర్ బ్లాకులు, అంటే కమ్మీ అడుగుకు ఆనకుండా ఎత్తి ఉంచే చిన్న దిమ్మలు, పెట్టారా? కాంక్రీటు క్యూబులు (నమూనా దిమ్మలు) తీసి 7, 28 రోజులకు బలం టెస్ట్ చేయిస్తున్నారా? లేదంటే అక్కడ చేరొద్దు. ఆ స్లాబు కింద రేపు ఓ కుటుంబం పడుకుంటుంది.

అవకాశం వస్తే మొదటి రెండేళ్లు జీఈటీకే నా ఓటు. రాకపోతే, మంచి సీనియర్ ఉన్న చిన్న సైట్.