క్యూఎములో ఒకే మెషిన్‌కు మూడు నెట్‌వర్క్ కార్డులు: నాలుగేళ్లు వాడాక

కడపలో ఏడు రోడ్ల దగ్గర మాదో చిన్న ఆఫీసు. షాపులకు, హాస్టళ్లకు రూటర్లు, సీసీ కెమెరాలు పెడతాం. కస్టమర్ రూటర్ మీద చెయ్యి పెట్టే ముందు ఆ సెట్టింగంతా ఇక్కడ పాత డెస్క్‌టాప్‌లో, లినక్స్ మీద క్యూఎములో (కంప్యూటర్ లోపలే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) నడిపి చూస్తా. ఒక్క కార్డుతో క్యూఎము ఎవరైనా నడుపుతారు. రెండో కార్డు పెట్టినప్పుడే అసలు కథ మొదలవుతుంది.

ఇందులో ప్రతి కార్డుకూ రెండు ముక్కలు. ‘డివైస్’ అంటే లోపలి మెషిన్‌కు కనబడే కార్డు. ‘నెట్‌డెవ్’ అంటే దాని వైరు బయట ఎక్కడ గుచ్చామన్నది. రెండిటినీ ఒకే ఐడీతో కలపాలి. మొదట్లో నేను ఎక్కడో దొరికిన పాత కమాండు, ‘నెట్’ అనే పద్ధతిది, కాపీ కొట్టా. దాంతో ఎన్ని కార్డులు రాసినా అన్నీ లోపల ఒకే హబ్‌కు, అంటే అన్ని వైర్లనూ ఒకచోట కలిపే పెట్టెకు, తగులుకుంటాయి. లోపలి నెట్‌వర్కూ బయటి నెట్‌వర్కూ ఒకటే అయిపోయాక ఇంక రూటర్‌ను ఏం పరీక్షిస్తాం? వారం పోయింది. 2018లో 2.12 వెర్షన్‌తో వచ్చిన ‘నిక్’ ఆ రెండు ముక్కల్నీ ఒక్క మాటలో తేలుస్తుంది. ఇప్పుడు ఎక్కువగా అదే రాస్తున్నా.

ఒకరోజు మా దగ్గర పనిచేసే పిల్లోడు పిలిచాడు. “అన్నా, రెండు కార్డులకూ ఒకే ఐపీ వచ్చిండాదే?”

చూస్తే రెండిటికీ 10.0.2.15. రెండూ ‘యూజర్’ మోడ్‌లో పెట్టాడు. ఆ మోడ్‌లో ప్రతి కార్డు వెనకా ఒక బుల్లి రూటర్ విడిగా ఉంటుంది. ఏ రూటర్‌కు ఆ రూటర్ 10.0.2.2 గేట్‌వే (బయటికి పోయే దారి), 10.0.2.15 అడ్రస్ ఇచ్చేస్తుంది, పక్కదాని సంగతి దానికి తెలీదు. క్యూఎము ఒక్క మాట కూడా అనదు, నువ్వు రాసిందే చేసిపెడుతుంది. రెండోదానికి 10.0.3.0/24 అని వేరే అడ్రస్‌ల వరుస విడిగా రాస్తే సర్దుకుంది. ఆ మోడ్‌లో మా మెషిన్ నుంచి బయటికి పింగ్ (అవతలి మెషిన్ పలుకుతుందో లేదో చూసే చిన్న పరీక్ష) పోలేదు, వెబ్ పేజీలు మాత్రం తెరుచుకున్నాయి. పింగ్‌ను నమ్ముకుని ఒక మధ్యాహ్నమంతా నెట్ లేదనుకున్నాం.

ఇన్ని తిట్టుకున్నా వదలకపోవడానికి కారణం మానిటర్. స్క్రీన్ కాదు, నడుస్తున్న మెషిన్‌కు కమాండ్లు ఇచ్చే క్యూఎము కిటికీ. ఒక హాస్టల్‌కు రెండు కంపెనీల నెట్ లైన్లు, ఒకటి పోతే ఇంకోటి అందుకోవాలి. మానిటర్‌లో ‘సెట్_లింక్’ అని కార్డు పేరు కొట్టి ‘ఆఫ్’ అంటే చాలు, కేబుల్ పీకినట్టే. రూటర్ వెంటనే రెండో లైన్‌కు మారింది. సంబరపడ్డాం. కానీ మా ఊళ్లో లైన్ పోయేది అట్ల కాదు. మోడెమ్ లైటు పచ్చగానే వెలుగుతుంటుంది, నెట్ మాత్రం ఉండదు. అందుకే ఆ కార్డును ట్యాప్‌తో (లినక్స్ ఇచ్చే ఉత్తుత్తి పోర్టు) బ్రిడ్జ్‌కు (లినక్స్‌లోనే ఉండే స్విచ్ లాంటిది) కలిపి, బ్రిడ్జ్ నుంచి అసలు కేబుల్ పోర్టును తప్పించి చూశాం. లోపలి రూటర్‌కు లింకు బాగానే ఉన్నట్టు కనబడింది, రెండో లైన్‌కు మారనే లేదు. హాస్టల్లో బయటపడాల్సిన తప్పు మా టేబుల్ మీదే బయటపడింది. మానిటర్ లేకుంటే ఈ సమీక్షలో సగం తిట్లే ఉండేవి.

బ్రిడ్జ్‌కు వైఫై పనికిరాదు, కేబులే పెట్టండి. లోపల లినక్స్ అయితే కార్డు వర్టియో (ఇలాంటి ఉత్తుత్తి మెషిన్ల కోసమే చేసిన రకం) పెట్టుకోండి, వేగం ఉంటుంది. విండోస్‌కైతే డ్రైవర్ వేరే ఎక్కించాలి.

మ్యాక్ అడ్రస్‌లు, అంటే ఒక్కో కార్డుకు విడిగా ఉండాల్సిన గుర్తింపు నంబర్లు, మాత్రం చేత్తో రాయాల్సిందే. రాయకపోతే ప్రతి మెషిన్ మొదటి కార్డూ 52:54:00:12:34:56 నుంచే మొదలు. ఒకే మెషిన్‌లో 56, 57, 58 అని తనే పెంచుకుంటుంది గానీ, ఒకే బ్రిడ్జ్ మీద రెండు మెషిన్లు లేపితే రెండూ 56లే. నెట్ కాసేపు వస్తుంది, కాసేపు పోతుంది. ఇప్పుడు ఏ మెషిన్‌కు ఏ అంకెలో గోడ క్యాలెండర్ వెనక రాసుకుంటున్నాం. ఉగాదికి మా పిల్లోడు కొత్త క్యాలెండర్ తగిలించి పాతది పారేశాడు. లిస్టంతా మళ్లీ రాయాల్సొచ్చింది.