తొమ్మిది పరీక్షలు రాస్తే తొమ్మిది క్రెడిట్లు: స్వయం, ఎన్‌పీటెల్ కోర్సులతో నా ఐదేళ్ళ అనుభవం

మా పిన్ని కూతురు ఇప్పుడు డిగ్రీ సెకండియర్. ఈ సెమిస్టర్ ఒక సబ్జెక్టు స్వయంలో, అంటే కేంద్ర ప్రభుత్వం నడిపే ఆన్‌లైన్ కోర్సుల సైట్‌లో, చేసుకోవచ్చని కాలేజీలో చెప్పారంట, "అక్కా నువ్వు బోలెడు చేశావుగా, ఏది తీసుకోమంటావ్, ఊరికే వచ్చిద్దా, మార్కులు మెమోలో ఎక్కుతాయా" అని రాత్రి మెసేజ్ పెట్టింది. రిప్లై కొడుతూ ఉంటే పెద్దదైపోయింది, సరే ఎవరికైనా పనికొస్తుందిలే అని మొత్తం కూర్చుని రాసేశా.

నేను చదివింది నరసరావుపేట దగ్గర ఒక ప్రైవేట్ కాలేజీలో ఈసీఈ. 2019 జులైలో ఫస్ట్ ఎన్‌పీటెల్ కోర్సు (స్వయంలో ఐఐటీల లాంటి చోట్ల సార్లు చెప్పేది) తీసుకున్నా, అప్పట్నుంచి ఉద్యోగంలో చేరాక కూడా కలిపి తొమ్మిది పరీక్షలు రాశా. ఎనిమిది పాసయ్యా, ఒకటి పోయింది. ఒక్కోదానికి 1000 రూపాయలు లెక్కన 9000 అయ్యింది. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకైతే అప్పుడు 500 ఉండేది. ఇప్పుడు కట్టేవాళ్ళు కోర్సు పేజీలో ఉన్న ఫీజు చూసుకోండి, ఏ కోర్సు పరీక్ష ఎవరు పెడుతున్నారు అన్నదాన్ని బట్టి తేడా ఉంటది.

ముందు అసలు విషయం చెప్తా. పాఠాలు పూర్తిగా ఫ్రీ, వీడియోలు, నోట్సు, వారం వారం అసైన్‌మెంట్లు, డౌట్లు అడగడం, దేనికీ రూపాయి కట్టక్కర్లేదు. డబ్బు కట్టేది సెంటర్‌కి వెళ్ళి రాసే పరీక్షకి మాత్రమే. నా దృష్టిలో ఆ పరీక్ష ఉండబట్టే ఈ సర్టిఫికెట్‌కి విలువ. ఇంట్లో కూర్చుని ఎన్నిసార్లైనా నొక్కి తెచ్చుకునే సర్టిఫికెట్లు నా దగ్గర ఇంకో పదిహేను ఉన్నాయి, వేరే వేరే చోట్ల చేసినవి, మా కాలేజీలో ఒక్కటి కూడా క్రెడిట్‌కి, అంటే డిగ్రీ లెక్కలో సబ్జెక్టుకి ఇన్ని అని ఇచ్చే పాయింట్లకి, తీసుకోలేదు. ఎన్‌పీటెల్‌ది మాత్రం ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలెట్టింది, తర్వాత 2017లో కేంద్రం స్వయం తెచ్చాక దాని మీదే నడుస్తోంది. యూజీసీ రూల్ ప్రకారం మొదట్లో సెమిస్టర్‌లో 20 శాతం వరకే ఇలా చేసుకోవచ్చు అనేవాళ్ళు, 2021లో దాన్ని 40 శాతం చేశారు. అంటే దారి ఉంది, కానీ ఆ దారి మీ కాలేజీ ఎంతవరకు తెరిచిందో అది వేరే సంగతి, నేను దెబ్బతిన్నది అక్కడే.

మార్కులెట్లా వేస్తారంటే, మామూలు కోర్సుల్లో అసైన్‌మెంట్లకి 25, పరీక్షకి 75. పన్నెండు వారాల కోర్సైతే బెస్ట్ ఎనిమిది అసైన్‌మెంట్ల సగటు తీసుకుంటారు, ఎనిమిది వారాలదైతే బెస్ట్ ఆరు, నాలుగు వారాలదైతే బెస్ట్ మూడు. కాబట్టి ఇంట్లో పెళ్ళో, మిడ్ పరీక్షలో ఉండి ఒకటి రెండు వారాలు తప్పినా భయం లేదు. పాసవ్వాలంటే అసైన్‌మెంట్లలో 25కి 10, పరీక్షలో 75కి 30, రెండూ విడివిడిగా రావాలి. ఈ విడివిడిగా అన్న మాట నేను సరిగ్గా చదవలేదు.

మూడో సెమిస్టర్‌లో ఫస్ట్ చేసింది జాయ్ ఆఫ్ కంప్యూటింగ్ యూజింగ్ పైథాన్, ఐఐటీ రోపర్ సుదర్శన్ అయ్యంగార్ సార్‌ది. ఈసీఈలో ఉండి కోడింగ్ అంటే వణికే నాకు ఆయన చెప్పే పద్ధతి వల్ల భయం పోయింది, ఆటలు పాటలు పజిళ్ళు పెట్టి చెప్తారు, 71 వచ్చాయి. 60 దాటితే ఎలైట్, 75 దాటితే సిల్వర్, 90 దాటితే గోల్డ్ అని సర్టిఫికెట్ మీద వేస్తారు. ఎలైట్ అని చూసి మా నాన్న ప్రింట్ తీయించి ఫ్రేమ్ కట్టించారు, ఇప్పటికీ హాల్లో ఉంది.

ఆ ఊపులో రెండోది డిజిటల్ సర్క్యూట్స్ తీసుకున్నా. అప్పుడు మా బ్యాచ్‌లో అందరూ బుధవారం రాత్రి దాకా ఆగేవాళ్ళు, ఎందుకంటే గడువు బుధవారం రాత్రి 11:59, సాయంత్రానికి టెలిగ్రామ్ గ్రూపుల్లో ఆన్సర్లు వచ్చేసేవి, కొట్టేసి పడుకునేవాళ్ళం. నాకు అసైన్‌మెంట్లలో 25కి 24 వచ్చాయి, వీడియోలు మూడు వారాలకి మించి చూడలేదు. పరీక్షలో 27. మొత్తం కలిపితే 51, కానీ పరీక్షలో 30 రాలేదు కాబట్టి సర్టిఫికెట్ లేదు. 1000 రూపాయలు పోయినందుకు కాదు, ఇంట్లో ఏమని చెప్పాలో తెలీక రెండ్రోజులు బాగా ఏడ్చా. చెల్లీ, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా, ఆ గ్రూపుల జోలికి పోకు, అసైన్‌మెంట్ నువ్వే చేసుకుంటే పరీక్షలో ఆ మోడల్ ప్రశ్నలు కనపడినప్పుడు చెయ్యి దానంతటదే పోతుంది.

తర్వాత చేసింది చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ మాధవన్ ముకుంద్ సార్ పైథాన్ డేటా స్ట్రక్చర్స్ కోర్సు. ఇంత స్పష్టంగా చెప్పే మనిషిని నేను ఎక్కడా చూడలేదు, ఒక్క మాట ఎక్కువ ఉండదు, ఒక్క మాట తక్కువ ఉండదు, ఈ రోజు నేను చేస్తున్న ఉద్యోగానికి పునాది ఆ కోర్సే. కానీ డిగ్రీలో కలవలేదు. అది ఎనిమిది వారాల కోర్సు, అంటే 2 క్రెడిట్లు. మా ఎలక్టివ్‌కి, అంటే మనం ఎంచుకునే సబ్జెక్టుకి, కావాల్సింది 3. నాలుగు వారాలకి 1, ఎనిమిదికి 2, పన్నెండుకి 3 అని లెక్క, ఇది మా క్లాసులో ఎవరికీ తెలీదు, చెప్పినవాళ్ళూ లేరు. సర్టిఫికెట్ పట్టుకుని ఆఫీసుకెళ్తే క్లర్క్ గారు ఒక్క చూపు చూసి వెనక్కిచ్చేశారు.

అప్పటికి బుద్ధొచ్చింది. థర్డ్ ఇయర్ నుంచి చేరకముందే సిలబస్ ప్రింట్ తీసి, మా ఎలక్టివ్ సిలబస్ పక్కన పెట్టి, రెండూ పట్టుకెళ్ళి హెచ్‌ఓడీ మేడమ్ దగ్గర "ఈ కోర్సు ఈ సబ్జెక్టు బదులు ఒప్పుకుంటున్నాం" అని సంతకం పెట్టించుకున్నా. నోటిమాటగా సరే అన్నారు కదా అని వదిలెయ్యకండి, మనుషులు మారిపోతారు, సెమిస్టర్ అయ్యేసరికి ఆ కుర్చీలో వేరేవాళ్ళు ఉండొచ్చు. అలా చేసిన మూడు కోర్సులూ కలిశాయి, రెండు ప్రొఫెషనల్ ఎలక్టివ్‌లు, ఒక ఓపెన్ ఎలక్టివ్, 9 క్రెడిట్లు. బీటెక్ మొత్తం 160లో తొమ్మిదంటే చిన్నగా కనిపిస్తుందేమో గానీ ఫైనల్ ఇయర్‌లో మూడు సబ్జెక్టుల భారం తగ్గితే ప్రాజెక్టుకీ ప్లేస్‌మెంట్ ప్రిపరేషన్‌కీ ఎంత టైం దొరుకుద్దో ఆ టైంలో ఉన్నవాళ్ళకి తెలుసు.

ఆ మూడింట్లో కూడా ఒకదానికి ఇబ్బంది పడ్డా. పరీక్ష అక్టోబర్ చివర్లో, రిజల్ట్ రావడానికి నెల పైనే పట్టింది, ఈలోపు మా సెమిస్టర్ రిజల్ట్స్ వచ్చేశాయి, ఆ సబ్జెక్టు ఎదురుగా ఆబ్సెంట్ అని పడింది. నాలుగుసార్లు ఎగ్జామ్ సెక్షన్ చుట్టూ తిరిగితే గానీ సరి కాలేదు, అదే టైంలో ఒక కంపెనీ బ్యాక్‌లాగ్ లేనివాళ్ళనే పిలిచింది, నేను కూర్చోలేకపోయా. ఆ బాధ ఇప్పటికీ ఉంది. అందుకే ప్లేస్‌మెంట్లు జరిగే సెమిస్టర్‌లో పెట్టుకోకుండా ఒక సెమిస్టర్ ముందే చేసేసుకోండి.

రిజిస్ట్రేషన్ గురించి ఒకటి. కోర్సులో ఎన్‌రోల్ అవ్వడం వేరు, పరీక్షకి రిజిస్టర్ అవ్వడం వేరు. మా రూమ్మేట్ పన్నెండు వారాలూ శ్రద్ధగా అసైన్‌మెంట్లు చేసి, పరీక్ష ఫామ్ వేరే నింపాలని తెలీక, చివరి తేదీ అయిపోయాక తెలుసుకుంది. రెండింటికీ ఒకే ఈమెయిల్ వాడాలి, పేరు టెన్త్ మెమోలో ఉన్నట్టే ఇంటిపేరుతో సహా రాయాలి, ఎందుకంటే ఆ ఫామ్‌లో కొట్టిన పేరే సర్టిఫికెట్ మీదకొస్తుంది. ఇప్పుడు క్రెడిట్లన్నీ అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో జమవుతాయి కాబట్టి డిజీలాకర్‌లో ఏబీసీ ఐడీ ముందే తీసుకుని ఉంచుకోండి.

సెంటర్ విషయంలో పల్లెటూరి పిల్లలకి కొంచెం కష్టమే. నేను లేటుగా నింపినప్పుడు గుంటూరు దొరకలేదు, విజయవాడ పడింది. ఉదయం 9 గంటల పరీక్షకి తెల్లవారుజామున నాలుగున్నరకి నాన్న బండి మీద బస్టాండ్‌కి తీసుకొచ్చారు. తర్వాత నుంచి ఫామ్ తెరిచిన వారంలోనే కట్టేసేదాన్ని, గుంటూరే వచ్చింది.

పాఠాల నాణ్యత అన్నీ ఒకేలా ఉండవు. కొన్ని అద్భుతం, కొన్ని సార్ స్లైడ్ చదివి వెళ్ళిపోతారు, గొంతు కూడా సరిగ్గా వినపడదు. అందుకని చేరేముందు యూట్యూబ్‌లో అదే కోర్సు పాత వీడియోలు రెండు మూడు చూడండి, పాత బ్యాచ్ అసైన్‌మెంట్లు కూడా ఎన్‌పీటెల్ సైట్‌లో చూసుకోవచ్చు, వాటిని బట్టి లెవెల్ అర్థమైపోతుంది. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళకి కొన్ని కోర్సుల పాఠాలు తెలుగులోకి మార్చినవి కూడా ఉన్నాయి, కానీ పరీక్ష ఇంగ్లీషులోనే రాశా నేను, కాబట్టి ఇంగ్లీషు ట్రాన్‌స్క్రిప్ట్ పక్కన పెట్టుకుని వినడం అలవాటు చేసుకుంటే మంచిది. ఉద్యోగంలో చేరాక చేసిన మూడింట్లో నాకు బాగా నచ్చింది వారానికోసారి పీఎంఆర్‌ఎఫ్ (ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్) స్కాలర్లు పెట్టే లైవ్ సెషన్లు, ఐఐటీల్లో పీహెచ్‌డీ చేసేవాళ్ళు లెక్కలు చేసి చూపిస్తారు, మొహమాటం లేకుండా అడగొచ్చు. మా కాలేజీ రోజుల్లో నాకు అవి దొరకలేదు.

మొత్తం డిగ్రీయే ఆన్‌లైన్‌లో కావాలంటే ఇది సరిపోదు, ఇది ఉన్న డిగ్రీలోకి సబ్జెక్టులు కలుపుకోడానికి. మా తమ్ముడు ఐఐటీ మద్రాస్ వాళ్ళ డేటా సైన్స్ బీఎస్ చేస్తున్నాడు, 2021లో మొదలెట్టారు అది. వారం వారం అసైన్‌మెంట్లు, సెంటర్‌లో పరీక్షలు, అదే పద్ధతి, కానీ కష్టం చాలా ఎక్కువ, ఫీజూ ఎక్కువే. కుటుంబ ఆదాయం, కేటగిరీని బట్టి ఫీజులో 75 శాతం దాకా తగ్గింపు ఉంటుంది కాబట్టి అర్హత ఉంటే సర్టిఫికెట్లు ముందే తీయించి పెట్టుకోవాలి. దాని గురించి వాడే రాస్తే బాగుంటది.

చెల్లీ, ఏ కోర్సు అని అడిగావు కదా. రేపు కాలేజీకెళ్ళి మీ లోకల్ చాప్టర్ స్పాక్ సార్ (కాలేజీలో ఎన్‌పీటెల్ పనులు చూసే సార్) ఎవరో కనుక్కో, మీ సబ్జెక్టుకి ఎన్ని క్రెడిట్లో రాసుకో, ఈ సెమిస్టర్‌లో ఉన్న కోర్సుల లిస్టులో సరిగ్గా అన్నే క్రెడిట్లున్నవి తీసి, పరీక్ష తేదీ మీ సెమిస్టర్ పరీక్షలకి అడ్డం రానివి రెండో మూడో నాకు పంపు. ఆదివారం నేను ఖాళీగానే ఉంటా, ఇద్దరం కూర్చుని వీడియోలు చూసి ఒకటి తీసుకుందాం, పరీక్ష ఫీజు నేను కడతా, పిన్నిని అడగకు.