కీ, టెంపో చూసి టెక్నో మిక్స్ చేయడం: ఏళ్ల వాడకం తర్వాత

డీజేలు ఒక ట్రాకులోంచి ఇంకో ట్రాకులోకి కలుపుతూ పోయే టెక్నో సెట్లకు కామెలాట్ చక్రం (ట్రాకుల కీలను, అంటే అవి ఆధారపడిన స్వరాలను, గడియారంలా అంకెలతో చూపే పటం) పనికొస్తుందా? పనికొస్తుంది, కానీ తర్వాతి ట్రాకు వెతుక్కోవడానికే. మిక్స్‌ని నిలబెట్టేది ముందు టెంపో (వేగం), ఆ తర్వాత కిక్ (ప్రతి బీట్ మీదా పడే అడుగు డ్రమ్ము దెబ్బ) శ్రుతి. తెర మీద కనిపించే కీ నంబరుకు నేనిచ్చేది మూడో స్థానం.

చక్రంలో 1 నుంచి 12 అంకెలు; ఏ అంటే మైనర్, బి అంటే మేజర్. ‘ఏ’ (A) స్వరం మీది మైనర్ కీ 8ఏ. పక్కనున్న 7ఏ, 9ఏలతో తేడా ఒక్క స్వరమే, మిగతా ఆరూ ఉమ్మడి. షడ్జ పంచమ సంబంధం తెలిసినవాళ్లకు ఇందులో కొత్తేమీ లేదు. 8ఏ నుంచి 10ఏకి దూకితే ఒక టోను (రెండు సెమీటోన్లు) పైకి వెళ్తాం. సెట్ ఊపందుకుంటుంది, కానీ రెండు మెలడీలు ఒకేసారి మోగకూడదు.

అసలు చిక్కేమిటంటే, టెంపో కదిలితే కీ కూడా కదులుతుంది. టర్న్‌టేబుల్ మీదైనా, కీ లాక్ (వేగం మారినా శ్రుతి మారకుండా పట్టి ఉంచేది) తీసేసిన ప్లేయర్‌లోనైనా వేగం 5.95 శాతం పెరిగితే శ్రుతి ఒక సెమీటోను (పియానోలో పక్క మెట్టుకున్నంత దూరం) పెరుగుతుంది. 128 బీపీఎం (నిమిషానికి బీట్లు) ట్రాకుని 132కి తెచ్చారనుకోండి. పెరిగింది 3.1 శాతం, అంటే దాదాపు అర సెమీటోను. ఆ 8ఏ ట్రాకు ఇప్పుడు 8ఏ కాదు, సెమీటోను పైనున్న 3ఏ కూడా కాదు. ఇంతకన్నా చెడ్డ చోటు లేదు. అదే ట్రాకుని 135.6 దాకా తీసుకెళ్తే శుభ్రంగా 3ఏలో కూర్చుంటుంది. 1 శాతం లోపు మార్పు మాత్రం టెక్నోలో ఇబ్బంది పెట్టదు, సాగే ప్యాడ్లు (నిలిచి మోగే సింథ్ స్వరాలు) రెండు ఒకదాని మీద ఒకటి పడితే తప్ప.

కీ లాక్ వేస్తే సరిపోదా అంటారు. 2 శాతం వరకు నిశ్చింతగా వేసుకోవచ్చు. 4 దాటితే కిక్ మొదటి దెబ్బ మెత్తబడుతుంది. హెడ్‌ఫోన్లలో ఇది పట్టుబడదు, పెద్ద స్పీకర్ల మీద పట్టుబడుతుంది. అందుకే ట్రాకుల్ని 126–129, 130–133, 134–137 అని విడివిడి ఫోల్డర్లలో పెట్టి, ఒకే ట్రాకు మోగుతున్నప్పుడు టెంపోని కొంచెం కొంచెంగా పైకి జరపడం మేలు.

గ్రిడ్ (ట్రాకులో బీట్లు పడే చోట్ల సాఫ్ట్‌వేర్ గీసే గీతలు) విషయంలో బద్ధకిస్తే మొత్తం పాడవుతుంది. 132 ట్రాకుని సాఫ్ట్‌వేర్ 131.95గా రాసుకుంటే నిమిషానికి 23 మిల్లీసెకన్లు జారుతుంది, ఒక్క కిక్ రెండుగా చీలి వినిపిస్తుంది. మొదటి బీట్ మీద గుర్తు పెట్టి, ట్రాకు చివరికెళ్లి గీత కిక్ మీదే పడుతోందో లేదో చూడండి. యంత్రాలతో లైవ్‌గా రికార్డు చేసిన పాత ట్రాకులు, ప్లాస్టిక్ రికార్డుల నుంచి ఎక్కించినవి ఎలాగూ అటూ ఇటూ ఊగుతాయి. వాటికి సింక్ (రెండు ట్రాకుల బీట్లను సాఫ్ట్‌వేరే కలపడం) వద్దు, చేత్తోనే సర్దాలి.

ఇక కిక్. ఒకటి ఎఫ్ దగ్గర 43.7 హెర్ట్జ్‌లో, ఇంకొకటి జి దగ్గర 49లో ఉంటే, రెండింటి తోకలూ కలిసిన చోట సెకనుకి అయిదుసార్లు ఊగుతుంది. కీ ఒకటే అయినా ఫేజ్ ఎదురైతే (ఒక తరంగం ఎగిసినప్పుడు రెండోది దిగితే) అడుగు బేస్ ఖాళీ అవుతుంది. కాబట్టి వచ్చే ట్రాకు ‘లో’ ఈక్యూ (బేస్ తగ్గించే నాబ్) పూర్తిగా కోసి ఉంచి, 32 బార్లు (నాలుగేసి బీట్లు) నిండిన చోట (132లో 58 సెకన్లు) ఒక్క బీట్‌లో మార్చేయాలి. మెల్లగా తిప్పడం ఇక్కడ పనికిరాదు.

కీ గుర్తించే ప్రోగ్రాములు టెక్నోలో ఎక్కువగా తడబడేది ఫ్రిజియన్ ట్రాకుల దగ్గర, అంటే మన తోడి స్వరాలు. ‘ఈ’ (E) స్వరం మీద ఆధారపడిన ఫ్రిజియన్ లైనులో ఉన్న స్వరాలే ‘ఏ’ మైనర్‌లోనూ ఉంటాయి. ప్రోగ్రాము 8ఏ అని రాస్తుంది, బేస్ మాత్రం ‘ఈ’ మీదే కొడుతుంటుంది. గ్రహభేదం తెలిసినవాళ్లకి వెంటనే అర్థమవుతుంది: తోడి మధ్యమాన్ని షడ్జంగా తీసుకుంటే వచ్చేది నటభైరవి. ఇలాంటి ట్రాకుల మీద ఫోన్‌లోని కీబోర్డు యాప్‌తో ఒక స్వరం నొక్కిపట్టి వినండి. బేస్ ఎక్కడ ఆగుతోందో ఆ స్వరాన్ని కామెంటు గడిలో రాసుకోండి. ఉత్త పెర్కషన్ ట్రాకులకైతే ఆ గడిలో ‘డ్రమ్స్’ అని రాసి, కీ నంబరు చెరిపేయండి. అవి దేనితోనైనా కలుస్తాయి, ఆ తప్పుడు నంబరు ఉంటే వెతుకులాటలో కనపడకుండా పోతాయి.

145 దాటిన హార్డ్ టెక్నోకి చక్రం దాదాపు అనవసరం. అక్కడ డిస్టార్షన్ పట్టిన (చిరిగినట్టు మోగే) కిక్కే మెలడీ. దాని స్వరం ఒక్కటి రాసిపెట్టుకుంటే చాలు.