నల్ల కల్లా లిల్లీ పేరిట చేమగడ్డలు: కొనబోయేవారికి హెచ్చరిక

తిరుపతిలో మా మేడ మీద కల్లా లిల్లీలను (గరాటు ఆకారపు పూలు పూసే అలంకార మొక్కలు) సంకరపరచి, ముదురు రంగు పూలు పూసే కొత్త రకాన్ని తీయాలన్న ఆశతో గత కార్తీకంలో ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర 'ష్వార్ట్స్‌వాల్డర్' అన్న ముదురు రంగు కల్లా రకం పేరుతో ఆరు గడ్డలను ఒక్కొక్కటి 450 రూపాయల చొప్పున, వాటితోపాటు 'తెల్ల కల్లా, నల్ల కల్లా సంకరం' అని రాసి ఉన్న ఇరవై విత్తనాల పొట్లాన్ని 600 రూపాయలకు కొన్నాను. మొత్తం 3,300 రూపాయలు పోయాయి. అదే ప్రకటన పేరు మార్చుకొని మళ్లీ తిరుగుతున్నందున ఇది రాస్తున్నాను.

ఆరు గడ్డల్లో రెండు గడ్డలు మూడు వారాలకే మెత్తబడి, వేలితో నొక్కితే దుర్వాసనతో జారిపోయాయి. మూడు మాత్రం ఏపుగా ఎదిగాయి. వాటిని చూసి నేను మురిసిపోతున్న రోజుల్లోనే చిత్తూరు నుంచి వచ్చిన మా మేనత్త కుండీల ముందు నిలబడి, "ఏం రా, చేమగడ్డల్ని ఇంత మురిపెంగా పెంచతా ఉండావు?" అని అడిగింది. నేను కాదని వాదిస్తే, చెంబులో నీళ్లు తీసుకొని ఆకు మీద చల్లింది. ఆకు తడవలేదు, నీళ్లు పూసల్లా దొర్లిపోయాయి. ఆకును తిప్పి చూస్తే కాడ అంచు దగ్గర కాక, వెనుకవైపు కొంచెం లోపలికి అతుక్కొని ఉంది. కల్లాలో కాడ నేరుగా ఆకు మొదటి అంచునే కలుస్తుంది. రెండూ ఒకే కుటుంబానికి చెందిన మొక్కలు కాబట్టి మొలక దశలో మోసపోవడం తేలికే గాని, గడ్డలోనే తేడా తెలుస్తుంది: రంగుల కల్లా గడ్డ బిళ్లలా చదునుగా ఉండి పైభాగాన కళ్లు కనబడతాయి, చేమగడ్డ కోలగా, పీచుతో, చుట్టూ గీతలతో ఉంటుంది. కొనేముందు గడ్డను పైనుంచి తీసిన ఫోటో పంపమని అమ్మకందారును నేను అడగలేదు.

మిగిలిన ఒక్కటి నిజమైన కల్లాయే. మాఘంలో లేత గులాబీ రంగులో పూసింది. అమ్మకందారును అడిగితే మీ ఊరి ఎండకు రంగు మారిందన్నారు. వేడి ఎక్కువైతే పువ్వుకు ముదురు రంగునిచ్చే ఆంథోసయనిన్ అనే పదార్థం తగ్గి ముదురు రంగు కొంత వెలవడం నిజమే, కాని ఎండకు కల్లా గడ్డ చేమగడ్డ అయిపోదు కదా.

విత్తనాల్లో ఒక్కటీ మొలవలేదు. అసలు ఆ పొట్లం మీది మాటలే నన్ను ఆపి ఉండాల్సింది. తెల్ల కల్లాకు, రంగుల కల్లాలకు సంకరం చేస్తే ఒక జాతి జన్యువులకూ మరొక జాతి హరితరేణువులకూ పొసగక, పచ్చదనమే లేని తెల్లటి మొలకలు పుట్టి కొద్ది రోజుల్లో చనిపోతాయి. రకాలను తీసేవారికి ఇది చాలాకాలంగా తెలిసిన అడ్డంకి. రంగుల రకాలను వాటిలో వాటికే సంకరపరచినా ఏ విత్తనానికి ఆ విత్తనం వేరు గుణంతో వస్తుంది, పువ్వు చూడాలంటే రెండు మూడేళ్లు ఆగాలి. అందుకే పేరున్న ముదురు రకాలను గడ్డలు విడదీసో, టిష్యూ కల్చర్ (ల్యాబ్‌లో మొక్క ముక్క నుంచి కొత్త మొక్కలు తీయడం) ద్వారానో పెంచుతారు. ఫలానా రకం పువ్వే పూస్తుందని విత్తనాలు అమ్మేవారిని నమ్మకండి.

డబ్బు తిరిగి ఇవ్వడానికి నిరాకరించడంతో 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాను, ఇంకా తేలలేదు. ఆ మూడు చేమగడ్డల మొక్కలను అత్తయ్య తనతోపాటు చిత్తూరుకు తీసుకువెళ్లింది.

గత వారం ఆ ప్రకటనలోని పువ్వు ఫోటోయే మరో పేరుతో, 550 రూపాయల ధరతో కనబడింది. నిజమైన ముదురు కల్లాను ఎండకు అడ్డంగా పట్టుకుంటే పండిన నేరేడు తోలులో కనిపించే ఎరుపు కనబడుతుంది. ఆ ఫోటోలో ఉన్నది మాత్రం కాటుక నలుపు. పెద్దది చేసి చూడండి, ఆ నలుపు పక్కనున్న పచ్చటి ఆకు మీదికి కూడా కొంచెం పాకి ఉంటుంది.