ఈడెన్ సెంటర్‌లో ఒక పూట: ఒక్కచోటే కూర్చుని తినేయకండి

ఉత్తర వర్జీనియాలో మనవాళ్లకి బయట భోజనం అంటే ఆష్‌బర్న్, హెర్న్‌డన్, చాంటిల్లీ వైపు బిర్యానీ హోటళ్లే. ఫాల్స్ చర్చ్‌లో సెవెన్ కార్నర్స్ దగ్గరున్న వియత్నామీ దుకాణాల సముదాయం ఈడెన్ సెంటర్ దాకా వెళ్లేవాళ్లు తక్కువ. చూడ్డానికి అదీ ఒక స్ట్రిప్ మాలే. మధ్యలో పార్కింగ్, చుట్టూ వరసగా షాపులు. కాకపోతే గేటు దగ్గర సింహాల బొమ్మలు, సైగాన్‌లోని బెన్ థాన్ మార్కెట్ టవర్‌ని పోలిన గడియారం, అమెరికా జెండా పక్కనే పసుపు మీద మూడు ఎర్ర చారలున్న పాత దక్షిణ వియత్నాం జెండా కనిపిస్తాయి.

1975లో దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ కమ్యూనిస్టుల చేతికి చిక్కాక వచ్చిన శరణార్థులు మొదట దుకాణాలు పెట్టుకుంది ఇక్కడ కాదు, ఆర్లింగ్టన్‌లోని క్లారెండన్‌లో. అక్కడ మెట్రో తవ్వకాలు జరుగుతుండటంతో అద్దెలు చవగ్గా ఉండేవి. 1979లో రైలు వచ్చింది, అద్దెలు పెరిగాయి, వీళ్లు బయటికి జరగాల్సొచ్చింది. 1984లో ఈడెన్ సెంటర్ మొదలైంది. ఇప్పుడు వందకు పైగా దుకాణాలు. పార్కింగ్ లాట్‌లో నడుస్తుంటే చెవిన పడేది ఎక్కువగా వియత్నామీస్ భాషే.

ఈసారి మాతో అత్తయ్యగారు ఉన్నారు, కోనసీమ మనిషి, పూర్తి శాకాహారి. మా మరిది బీఫ్ తప్ప అన్నీ తింటాడు. మొదట ఒక పెద్ద రెస్టారెంట్‌లో కూర్చున్నాం, అదే దండగ అనిపించింది. కూరగాయల నూడుల్ సూప్ అని ఆర్డర్ చేశాం. అనుమానం వచ్చి గుచ్చి గుచ్చి అడిగితే, ముక్కలు లేవు గానీ నీళ్లు మాత్రం ఎముకలు మరిగించినవే అన్నారు. ముందే చెప్పొచ్చు కదా! బిల్లు కట్టి లేచి వచ్చేశాం. మా మరిది ఒక్కడే తన చికెన్ ఫో (నూడుల్ సూప్) ఖాళీ చేశాడు, బాగుందని ఒప్పుకున్నాడు కూడా.

అసలు మజా చిన్న కౌంటర్ల దగ్గరే ఉంది. భవనం లోపల సందుల్లాంటి వరండాలుంటాయి, చాలామంది వాటిని చూడకుండానే వెళ్లిపోతారు. అలాంటి ఒక చోట బాన్ కువొన్ అనే బియ్యప్పిండి పొరలు వేస్తున్నారు. మరుగుతున్న కుండ మూతికి బిగించి కట్టిన గుడ్డ మీద పల్చటి బియ్యప్పిండి గరిటెతో పోసి, గరిటె వెనకవైపుతో గుండ్రంగా తిప్పి మూత పెడతారు. నిమిషం కూడా పట్టదు. సన్నటి వెదురు బద్ద కిందకి పోనిచ్చి ఎత్తితే, అవతలి వెలుతురు కనిపించే పొర చిరగకుండా లేచి వస్తుంది. అత్తయ్యగారు కదల్లేదు. "ఆత్రేయపురం పూతరేకులేనే ఇవి! మనవాళ్లు కుండ బోర్లించి కాలుస్తారు, వీళ్లు ఆవిరి పడుతున్నారు" అన్నారు. మామూలుగా లోపల పంది మాంసం, పుట్టగొడుగులు చుడతారు. ఆవిడ కోసం ఉత్త పొరలు ఇమ్మంటే ఇచ్చారు. పక్కన పెట్టిన ఫిష్ సాస్ గిన్నె నేనే తీసేసి సోయా సాస్ అడిగాను.

టోఫు అంటే సోయా పాలతో చేసే పనీర్ లాంటిది; థాన్ సన్ టోఫు దుకాణం శాకాహారులకి పెద్ద ఊరట. అక్కడి నిమ్మగడ్డి వేసి వేయించిన టోఫు ముక్కలు వేడివేడిగా తింటే, మామూలు షాపుల్లో ప్యాకెట్లలో దొరికే రబ్బరు సరుకుని మళ్లీ ముట్టబుద్ధి కాదు. వేడి అల్లం పాకంలో వేసిచ్చే మెత్తటి టోఫు ఇంకా బాగుంది. జలుబు చేసిన రోజు తినాల్సిన పదార్థం. బేకరీల్లో బాన్ మీ శాండ్‌విచ్ సంగతి అందరికీ తెలిసిందే. ఫ్రెంచి రొట్టె, పుల్లటి క్యారెట్, ముల్లంగి, కొత్తిమీర, పచ్చిమిర్చి. టోఫుతోనూ చేస్తారు, మయోనీజ్ వద్దంటే మానేస్తారు. రంగురంగుల జెల్లీ డ్రింకులు పిల్లలు ఎగబడి కొన్నారు, సగం పారేశారు. కాఫీ మాత్రం వదలకండి. చిన్న స్టీలు ఫిల్టర్‌లోంచి కండెన్స్‌డ్ మిల్క్ మీదకి చుక్క చుక్కగా దిగుతుంది. "డికాక్షన్ బానే దిగింది గానీ, ఐసు పోసి పాడు చేశారేంటమ్మా" అని అత్తయ్యగారి ఫిర్యాదు. వేడిది కూడా దొరుకుతుంది, అడగాలి.

మెనూలో పేరు పక్కన సి-హెచ్-ఎ-వై అని ఉంటే అది శాకాహారం, టీ అనుకోకండి. వియత్నామీ బౌద్ధుల్లో చాలామంది పౌర్ణమికీ అమావాస్యకీ మాంసం ముట్టరు, కాబట్టి ఆ మాట వాళ్లకి కొత్తేం కాదు. "నో మీట్" అంటే మాత్రం చాలదు. సూప్ దేంతో చేశారు, ఫిష్ సాస్ పడిందా అని విడివిడిగా అడగాలి. పాత షాపుల్లో మర్యాదలు, నవ్వులు ఆశించకండి. గబగబా అడుగుతారు, గబగబా ఇస్తారు, చేతిలో ప్లేటు వేడిగా ఉంటుంది. నాకైతే పొట్ట నిండాక కూడా వచ్చి "ఎవ్రీథింగ్ ఓకే?" అని అడిగే సర్వీసు కన్నా ఇదే నయం.

కొన్నిచోట్ల కార్డు తీసుకోరు, నగదు దగ్గరుంచుకోండి. శని, ఆదివారాల్లో మధ్యాహ్నం పార్కింగ్ నరకం. ఒక కారు బయటికి వస్తుందంటే మూడు కార్లు కాచుకుని ఉంటాయి. పొద్దున్నే వెళ్లడం మేలు, వేయించిన టోఫు అప్పటికి అయిపోదు కూడా. కారు వద్దనుకుంటే ఆష్‌బర్న్ నుంచి సిల్వర్ లైన్‌లో ఈస్ట్ ఫాల్స్ చర్చ్ దాకా వచ్చి, అక్కణ్నుంచి క్యాబ్ తీసుకోవచ్చు. వీల్‌చెయిర్ ఉన్నవాళ్లయితే ఆ లోపలి వరండాలు ఇరుకని గుర్తుంచుకోండి.