పుణె శిక్షణ చివర లోహగఢ్: లాడ్జి వాళ్ళ దోపిడీ, కొండ మీది భోజనం

గత సెప్టెంబరు చివరి వారంలో బ్యాంకు శిక్షణ కోసం పుణె వెళ్ళినప్పుడు, శుక్రవారంతో తరగతులు ముగియగానే తిరిగి రాకుండా, శని, ఆదివారాలను సొంత ఖర్చుతో కలుపుకుని భాజా గుహలు, లోహగఢ్ కోట, కార్లా చైత్యం (కొండలో తొలిచిన బౌద్ధ ప్రార్థనా మందిరం) చూసి వచ్చాము. రానూ పోనూ టికెట్లు బ్యాంకువే కాబట్టి మా ఇద్దరికీ తలకు 2,215 రూపాయలు మాత్రమే ఖర్చయింది. అయితే అందులో 1,240 రూపాయలు పుణె స్టేషను దగ్గర ఒక లాడ్జిలో ఒక్క రాత్రి తల దాచుకోవడానికే పోయాయి. రెండు రోజుల తిండి, తిరుగుడు, ప్రవేశ రుసుములు అన్నీ కలిపినా వెయ్యి దాటకపోగా, ఆ చీకటి గది ఒక్కటే అంతకన్నా ఎక్కువ తినేసింది. ఉద్యోగం మీద ఊరు వెళ్ళి, చివర ఒకటి రెండు రోజులు కలుపుకోవాలనుకునే వాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, అలా మోసపోకూడదని ఇది రాస్తున్నాను.

నాతో వచ్చినది మా శాఖలోనే పనిచేసే గుంటూరు మేడం. నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్దవారు, మోకాళ్ళ నొప్పి ఉన్నా నడకంటే వెనకాడని మనిషి. వారం ముందే ఇద్దరం మేనేజరు గారికి రాతపూర్వకంగా విన్నవించుకుని, సోమవారానికి సెలవు పెట్టి, తిరుగు టికెట్టు తేదీ మార్పుకు అనుమతి తీసుకున్నాము. ఈ అనుమతి మాత్రం నోటిమాటతో సరిపెట్టుకోవద్దు. ప్రయాణ ఖర్చుల బిల్లు పెట్టినప్పుడు, శుక్రవారం ముగిసిన పనికి ఆదివారం అర్ధరాత్రి టికెట్టు ఎందుకని అడిగితే చూపించడానికి కాగితం ఉండాలి.

శనివారం ఉదయం హాస్టల్ గది ఖాళీ చేసి, సంచులు సాయంత్రం దాకా అక్కడి కాపలాదారు దగ్గర ఉంచి, 70 రూపాయల సిటీ బస్సు రోజు పాసుతో ఊరు చూశాము. పేష్వాల కోట శనివార్‌వాడలో గోడలు, తలుపులు తప్ప లోపల పెద్దగా మిగిలిందేమీ లేదు కాబట్టి అరగంట చాలు. ఆగాఖాన్ ప్యాలెస్‌కు మాత్రం తీరిక చేసుకుని వెళ్ళాలి. 1942 ఆగస్టులో గాంధీజీని, ఆయనతో పాటు మన హైదరాబాదు ఆడపడుచు సరోజినీ నాయుడును నిర్బంధించినది అక్కడే; గాంధీజీ కార్యదర్శి మహాదేవ్ దేశాయ్, కస్తూర్బా కన్నుమూసినదీ అక్కడే. తోటలో ఉన్న వారిద్దరి సమాధుల దగ్గర మేడం చాలాసేపు మాట్లాడకుండా నిలబడ్డారు. రెండు చోట్లా 25 రూపాయల చొప్పున టికెట్టు, మధ్యాహ్నం మిసళ్ పావ్ 110, రాత్రి థాలీ 140. అంతవరకు రోజు హాయిగానే గడిచింది.

ఇక లాడ్జి విషయం. ఆదివారం ఉదయాన్నే లోకల్ రైలు ఎక్కాలి కాబట్టి, స్టేషనుకు నడిచి వెళ్ళేంత దూరంలో ఒక గదిని ఫోన్‌లోని యాప్ ద్వారా పది రోజుల ముందే తీసుకున్నాను. ఇద్దరికి కలిపి 1,400 రూపాయలు, అందులో 280 ముందుగా చెల్లించాను, మిగతాది అక్కడ ఇవ్వాలి. వేడి నీళ్ళు, 24 గంటల చెకౌట్, కిటికీ ఉన్న గది అని ఫోటోలతో సహా రాసి ఉంది. రాత్రి ఎనిమిదిన్నరకు వానలో తడుస్తూ సంచులతో వెళ్ళి నిలబడితే, కౌంటరు దగ్గరి మనిషి మా బుకింగు వైపు ఒకసారి చూసి, ఆ ధర ఇప్పుడు లేదనీ, శనివారం రాత్రికి 2,200 రూపాయలు, అదీ నగదుగా ఇస్తేనే గది ఇస్తాననీ అన్నాడు. ముందు కట్టిన 280 సంగతేమిటని అడిగితే అది యాప్ వాళ్ళను అడుక్కోమన్నాడు. యాప్ వాళ్ళకు ఫోన్ చేస్తే ఇరవై నిమిషాలు పాట వినిపించి, చివరకు ఫిర్యాదు నమోదు చేసుకున్నామని చెప్పి పెట్టేశారు.

నాకు ఇప్పటికీ మండిపోయేది ఆ ఎనిమిది వందల తేడా గురించి కాదు. బయట వాన కురుస్తోందనీ, తెలియని ఊళ్ళో ఇద్దరు ఆడవాళ్ళు సంచులు పట్టుకుని మరో లాడ్జి కోసం తిరగరనీ అతను లెక్క వేసుకున్నాడు, ఆ లెక్క మా ఎదుటే వేసుకున్నాడు. అయినా మేడంను అక్కడే కూర్చోబెట్టి పక్క వీధిలో రెండు చోట్ల అడిగి వచ్చాను, రెండూ నిండిపోయి ఉన్నాయి. తిరిగి వచ్చేసరికి అతను మా ఇద్దరి ఆధార్ కార్డులను తన సొంత ఫోనులో ఫోటో తీసుకుని ఉన్నాడు. మేడం వద్దని చెప్పలేకపోయానని తరువాత చాలా బాధపడ్డారు. ఈ విషయంలో మాత్రం నా మాట వినండి: ఆధార్ వెబ్‌సైటులో చివరి నాలుగు అంకెలు తప్ప మిగతావి కనబడని మాస్క్‌డ్ ఆధార్ ఉచితంగా దొరుకుతుంది, లాడ్జీలకు దాని నకలు మాత్రమే ఇవ్వండి. డబ్బు చేతిలో పడ్డాక బిల్లు అడిగితే, బిల్లు కావాలంటే పన్ను అదనం అన్నాడు.

గది మూడో అంతస్తులో ఉంది. ఫోటోలో ఉన్న కిటికీ నిజమే, కానీ అది వీధిలోకి కాక నడవాలోకి తెరుచుకుంటుంది, దానికి పరదా లేదు. మా దుప్పట్లలో ఒకదాన్ని దానికి అడ్డంగా కట్టాము. పక్క మీది గుడ్డలు చెమ్మగా ఉన్నాయి. తలుపు గడియ సగమే పడుతోందని చెప్పడానికి కిందికి దిగితే, ఇక్కడ ఏమీ కాదు పడుకోండి అని సమాధానం వచ్చింది. కుర్చీ తలుపుకు ఆనించి దాని మీద సంచులు పెట్టి పడుకున్నాము. నడవాలో అడుగుల చప్పుడు అయినప్పుడల్లా మేడం లేచి కూర్చున్నారు. ఒంటిగంట దాటాక, "ఏమ్మా, రేపు కొండ ఎక్కగలమా?" అని మాత్రం అడిగారు. తెల్లవారి ఆరు గంటలకు, వేడి నీళ్ళు ఎనిమిదింటికి గానీ రావని తెలిసింది. 24 గంటల చెకౌట్ కాస్తా ఉదయం పది గంటలైంది. సంచులు సాయంత్రం దాకా ఉంచాలంటే 300 రూపాయలు అన్నాడు. ఆ మాటతో మేడం ముఖం ఎర్రబడింది, ఇక ఒక్క రూపాయి కూడా ఇచ్చేది లేదని తానే రెండు సంచులూ భుజాన వేసుకుని మెట్లు దిగారు.

స్టేషను క్లోక్ రూములో సంచికి 30 రూపాయలు తీసుకున్నారు. సంచికి తాళం ఉండాలి, రైలు టికెట్టు, గుర్తింపు కార్డు చూపించాలి. అక్కడ నిలబడినప్పుడే నాకు తట్టింది: చేతిలో పుణె నుంచి బయలుదేరే రైలు టికెట్టు ఉన్నవాళ్ళు ఆ పీఎన్‌ఆర్ నంబరుతో రైల్వే విశ్రాంతి గదికి ఐఆర్‌సీటీసీలో ముందే ప్రయత్నించవచ్చు. నేను ఆ పని చేయలేదు, అది పూర్తిగా నా తప్పే.

పుణె నుంచి లోణావళా వెళ్ళే లోకల్‌లో మళవలీకి 15 రూపాయలు. లోణావళాకు ఒక్క స్టేషను ముందు వస్తుంది, గంటకు కొంచెం పైన పడుతుంది. మధ్యాహ్నం పూట కొన్ని గంటలు లోకల్ రైళ్ళు దొరకవు కాబట్టి ఉదయం పోయి సాయంత్రం రావడమే మంచిది. మళవలీలో దిగి, ఎక్స్‌ప్రెస్ హైవే మీది వంతెన దాటి పొలాల మధ్య అరగంట నడిస్తే భాజా గ్రామం, అక్కడి నుంచి రెండు వందల దాకా మెట్లు ఎక్కితే గుహలు. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దం నాటి చైత్యగృహం, దాని పక్కనే ఒకచోట గుంపుగా తొలిచిన 14 స్తూపాలు, వాటి మీదుగా జారుతున్న వాన నీరు. తొమ్మిది గంటలకు అక్కడ మేమిద్దరమే ఉన్నాము. చైత్యం మెట్టు మీద కూర్చుని మేడం రాత్రి నుంచి మొదటిసారి నవ్వారు.

భాజా నుంచి కోట కింది ఊరు లోహగఢ్‌వాడి దాకా దాదాపు అయిదు కిలోమీటర్ల ఎగుడు దారి. ఎడమ వైపు విసాపూర్ కోట, కుడి వైపు లోహగఢ్, రెంటి మధ్య కనుమలో మబ్బు. లోహగఢ్‌ను శివాజీ 1648లో గెలిచి, 1665 పురందర్ ఒప్పందంలో మొగలులకు వదులుకుని, 1670లో మళ్ళీ సాధించాడు. 2025 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన పన్నెండు మరాఠా కోటల్లో ఇది ఒకటి. ఊరి నుంచి పైదాకా రాతి మెట్లే కాబట్టి తాళ్ళు పట్టుకుని పాకవలసిన పని లేదు, మోకాళ్ళ నొప్పి ఉన్న మేడం కూడా నిదానంగా ముప్పావు గంటలో ఎక్కారు. ఒకదాని వెనుక ఒకటి మెలికలు తిరుగుతూ వచ్చే నాలుగు ద్వారాలు, పైన తేలు తోకలా సన్నగా సాగిన వించూకాటా కొన, మబ్బు విడినప్పుడు కింద పవనా జలాశయం కనిపిస్తాయి. కానీ ఆదివారం పదకొండు దాటితే ద్వారాల దగ్గర జనం ఒకరినొకరు తోసుకుంటారు, వానకు మెట్లు జారుడుగా ఉంటాయి. వీలుంటే శనివారం కోటకు, ఆదివారం ఊరు చూడడానికి పెట్టుకోండి. మేము తారుమారు చేసుకున్నాము.

రెండు గంటలకు దిగి వచ్చి లోహగఢ్‌వాడిలో ఒక ఇంటి అరుగు మీద భోజనానికి కూర్చున్నాము. అరవై ఏళ్ళు దాటిన ఒక అమ్మ కట్టెల పొయ్యి మీద అప్పటికప్పుడు బియ్యప్పిండి భాకరీ తట్టి వేస్తోంది. దానితో పిఠ్ల, పచ్చిమిరపకాయ, వెల్లుల్లి దంచిన ఠేచా, ఉల్లిపాయ, మజ్జిగ. మన టిఫిన్ హోటళ్ళలో పూరీతో ఇచ్చే బొంబాయి చట్నీ ఎరిగిన నాలుకకు పిఠ్ల రుచి కొత్త కాదు. శనగపిండి అదే, కాని ఇది గట్టిగా, పొగ వాసనతో, వెల్లుల్లి ఘాటుతో ఉంది. ఠేచా నాలుక మీద పడగానే మేడం, గుంటూరు వదిలి వచ్చాక కారమంటే ఇదేనని ఇంకో రెండు సార్లు వేయించుకున్నారు. ఆ అమ్మకు హిందీ కొద్దిగానే వచ్చు, మాకు మరాఠీ రాదు. అయినా మేడం మోకాలు పట్టుకుని కూర్చోవడం చూసి, అడగకుండానే పొయ్యి మీద గుడ్డ వెచ్చజేసి తెచ్చి ఇచ్చింది. మేడం ఎన్ని తిన్నారో ఆ అమ్మ లెక్కపెట్టలేదు. పళ్ళెం 130 రూపాయలే. నేను ఇద్దరికీ మూడు వందలు ఇచ్చి చాలని చెబితే, లోపలికి వెళ్ళి వెతికి నలభై రూపాయల చిల్లర తెచ్చి చేతిలో పెట్టి, దానితో పాటు కాగితంలో రెండు భాకరీలు, కాస్త ఠేచా పొట్లం కట్టి ఇచ్చింది. వాటికి డబ్బు తీసుకోలేదు.

ఊళ్ళో దొరికిన ఆటో అతను కార్లా చూపించి మళవలీలో దించడానికి 900 అడిగి 600కు ఒప్పుకున్నాడు. ఆ దారికి అది న్యాయమే. కార్లాకు మెట్లు ఎక్కువ, ఏకవీరా దేవి గుడికి వచ్చే భక్తుల రద్దీ ఎక్కువ, కాని చైత్యంలో అడుగు పెట్టగానే అలసట తెలియలేదు. సుమారు 45 మీటర్ల పొడవున తొలిచిన ఆ మందిరం కప్పుకు దాదాపు రెండు వేల ఏళ్ళ నాటి టేకు వాసాలు ఇంకా ఉన్నాయి. జంబూద్వీపంలోకెల్లా ఉత్తమమైన రాతి మందిరమని, దాన్ని పూర్తి చేయించిన వైజయంతి అనే నగరానికి చెందిన సెట్టి భూతపాలుడు శాసనంలో చెప్పుకున్నాడు. అక్కడి మరో శాసనంలో వాసిష్ఠీపుత్ర పులుమావి పేరుంది. అమరావతి స్తూపం దగ్గర దొరికిన శాసనంలో ఉన్న శాతవాహన రాజు ఆయనే. చిన్నప్పుడు బడి పిల్లలతో అమరావతి వెళ్ళిన మేడం, ఆ రాజు ఇంత దూరం ఏలాడా అని స్తంభాలన్నీ మళ్ళీ ఒకసారి తిరిగి చూశారు.

సాయంత్రం లోకల్‌లో పుణె చేరి, సంచులు విడిపించుకుని, అర్ధరాత్రి దాటాక వచ్చే హైదరాబాదు రైలు కోసం ఆడవాళ్ళ వెయిటింగ్ రూములో కూర్చున్నాము. యాప్ వాళ్ళు ఆ 280 రూపాయలు ఈనాటికీ తిరిగి ఇవ్వలేదు. పదకొండు గంటలకు మేడం ఆ పొట్లం విప్పారు. భాకరీలు చల్లబడినా మెత్తగానే ఉన్నాయి, ఠేచా మధ్యాహ్నం కన్నా కారంగా ఉంది. రాత్రి భోజనానికి మాకు ఇంకేమీ కొనవలసిన పని పడలేదు.